స్థానిక సంస్థల రీసైక్లింగ్ కార్యక్రమాలు

నగరపాలక సంస్థలు, పురపాలక సంఘాలు, నగర పంచాయతీలు, గ్రామ పంచాయతీలు తమ పరిధిలోని ఇళ్లు, దుకాణాలు, మార్కెట్ల చెత్తలో తిరిగి ముడిసరుకుగా పనికొచ్చే భాగాన్ని వేరుగా సేకరించి పరిశ్రమలకో పొలాలకో చేర్చడానికి నడిపే ఏర్పాట్లను స్థానిక సంస్థల రీసైక్లింగ్ కార్యక్రమాలు అంటారు. కాగితం, అట్ట, ప్లాస్టిక్, గాజు, లోహాలు, బట్ట దీని కిందికి వస్తాయి. తడి చెత్తను ఎరువుగా, గ్యాస్‌గా మార్చడాన్ని కొన్ని దేశాలు విడిగా లెక్కగడతాయి. భారతీయ నగరాల చెత్తలో దాదాపు సగం తడి చెత్తే కాబట్టి ఇక్కడ రెండింటినీ కలిపి చూడడమే సబబు. చెత్తను కాల్చి విద్యుత్తు తీయడం మాత్రం రీసైక్లింగ్ కాదు. కాలిన పదార్థం మళ్లీ వాడుకలోకి రాదు.

ఈ కార్యక్రమాల్లో కొన్ని ఏళ్ల తరబడి నిలుస్తాయి. చాలావాటి ఊపు ప్రారంభోత్సవం జరిగిన కొద్ది నెలల్లోనే తగ్గిపోతుంది. ఈ తేడాకు కారణం యంత్రాలు కావు. ఇంట్లో వేరుచేసిన పదార్థం బండిలో, షెడ్డులో, లారీలో ఎక్కడా మళ్లీ కలిసిపోకుండా కొనేవారి దాకా చేరడంలోనే ఉంది. ఆ దారి ఒక్కచోట తెగినా మిగతా చోట్ల పెట్టిన ఖర్చు, పడిన శ్రమ వృథా అవుతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 లెక్కల ప్రకారం దేశంలో రోజుకు సుమారు 1.6 లక్షల టన్నుల పుర వ్యర్థాలు పుట్టాయి. అందులో 95 శాతానికి పైగా సేకరించినా, శుద్ధికి వెళ్లింది సగమే. చెత్తను ఎత్తడం మన పట్టణాలు నేర్చుకున్నాయి. వేరుగా ఎత్తడం ఇంకా నేర్చుకోవలసే ఉంది.

చరిత్ర

చెత్తను ఇంటి గుమ్మంలోనే వేరుచేయాలన్న ప్రభుత్వ ఆదేశం కొత్తది కాదు. 1883లో పారిస్ పాలనాధికారి యూజెన్ పుబెల్ ప్రతి భవనం ముందు మూతపెట్టెలు ఉంచాలని, కుళ్లే చెత్తను, కాగితం-గుడ్డలను, గాజు-పింగాణీ-ఆల్చిప్పలను మూడు రకాలుగా వేరుచేయాలని ఉత్తర్వు ఇచ్చాడు. వీధుల్లో గుడ్డపేలికలు ఏరి బతికేవారు తమ జీవనాధారం పోతుందని దాన్ని గట్టిగా ఎదిరించారు. నూటనలభై ఏళ్ల కిందటి ఆ తగవు ఈనాటి నగరాల్లోనూ సాగుతూనే ఉంది (చూడండి: కార్మికులు).

అమెరికాలో న్యూజెర్సీకి చెందిన వుడ్‌బరీ పట్టణం 1980లో రీసైక్లింగ్‌ను పౌరులకు తప్పనిసరి చేసింది. జర్మనీ 1991 నాటి ప్యాకేజింగ్ ఉత్తర్వుతో ఖర్చు భారాన్ని తయారీదారుల మీదికి మార్చింది. అట్టపెట్టెను, సీసాను అమ్మినవారే వాటిని తిరిగి సేకరించే ఖర్చు భరించాలన్న సూత్రం అక్కడి నుంచే ఇతర దేశాలకు పాకింది. దక్షిణ కొరియా 1995 జనవరిలో దేశమంతటా చెత్త పరిమాణాన్నిబట్టి రుసుము విధించింది. జపాన్‌లోని కమికట్సు అనే కొండ గ్రామం 2003లో వ్యర్థరహిత గ్రామంగా మారతామని ప్రకటించుకుంది. అక్కడివారు చెత్తను నలభైకి పైగా రకాలుగా వేరుచేస్తారు. ఆ దేశపు సగటు రీసైక్లింగ్ 20 శాతం దగ్గర ఉండగా కమికట్సులో 80 శాతం దాకా ఉంటుంది. అయితే ఆ గ్రామ జనాభా సుమారు 1,500 మాత్రమే. చెత్త బండి లేదు. ఎవరి సరుకు వారే కేంద్రానికి తెచ్చిస్తారు. దాన్ని లక్షల జనాభా గల నగరానికి నమూనాగా చూపడం సరికాదు.

భారతదేశంలో పురపాలక సంస్థలు ఈ పని చేపట్టకముందే రీసైక్లింగ్ ఉంది. పాత పేపర్లు, ఖాళీ సీసాలు, పాత ఇనుము కొనే వ్యాపారి వీధిలో కేక వేసుకుంటూ తిరగడం, ఇల్లాలు తూకం వేయించి అమ్మడం తరాల నాటి అలవాటు. అక్కడి నుంచి స్క్రాప్ షాపుకు, హోల్‌సేల్ గోదాముకు, కార్ఖానాకు సాగే గొలుసు ప్రభుత్వ సాయం లేకుండానే నిలిచింది. ప్రభుత్వ బాధ్యతకు చట్టరూపం రావడం మాత్రం ఆలస్యమైంది. 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఫలితంగా 2000లో పుర ఘన వ్యర్థాల నియమాలు వచ్చాయి.

ఆ నియమాలు వచ్చిన తొలి ఏళ్లలోనే తెలుగునాట ఒక చిన్న పట్టణం దేశం దృష్టిని ఆకర్షించింది. అప్పటి నల్గొండ జిల్లాలోని సూర్యాపేటలో, 2003 ప్రాంతంలో, మున్సిపల్ కమిషనర్ ఖాదర్ సాహెబ్ హయాంలో వీధి చెత్త కుండీలను తీసేసి, తడి-పొడి చెత్తను ఇంటింటి నుంచి వేరుగా సేకరించారు. తడి చెత్తతో వానపాముల ఎరువు చేశారు, పొడి సరుకు అమ్మారు. సుమారు లక్ష జనాభా ఉన్న పట్టణంలో పెద్ద యంత్రాలు లేకుండానే ఇది జరిగింది. సూర్యాపేట పేరు ఈ రోజు అందరికీ గుర్తుండకపోవచ్చు గాని, తర్వాత దేశమంతటా వచ్చిన పథకాల్లోని ప్రధానాంశాలు దాదాపు అన్నీ అక్కడ అప్పటికే ఉన్నాయి.

చట్టపరమైన పునాది

1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ ఘన వ్యర్థాల నిర్వహణను 12వ షెడ్యూలు ద్వారా పట్టణ స్థానిక సంస్థల విధుల్లో చేర్చింది. 73వ సవరణ పారిశుద్ధ్యాన్ని పంచాయతీల జాబితాలో పెట్టింది. 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తడి, పొడి, గృహ హానికర వ్యర్థాలను పుట్టినచోటే వేరుచేయడాన్ని పౌరుల విధిగా చెప్పాయి. వినియోగ రుసుము, జరిమానా విధించే అధికారాన్ని స్థానిక సంస్థలకు ఇచ్చాయి. చెత్త ఏరేవారిని వ్యవస్థలో చేర్చుకోవాలన్నాయి. రోజుకు సగటున 100 కిలోలకు మించి చెత్త వచ్చే హోటళ్లు, ఆసుపత్రులు, అపార్టుమెంట్లను భారీ ఉత్పత్తిదారులుగా గుర్తించాయి. 2024 డిసెంబరులో కేంద్రం విడుదల చేసిన ముసాయిదా శానిటరీ వ్యర్థాలను విడదీసి నాలుగు రకాల విభజనను ప్రతిపాదించింది.

నియమాల్లో లోటు తక్కువ. వాటిని అమలు చేసే వార్డు స్థాయి సిబ్బంది, స్థానిక ఉపవిధులు, వాటికి తగ్గ బడ్జెట్ ఉన్నచోటే అవి కాగితం దాటి వచ్చాయి.

పదార్థాలు, వాటి విలువ

పొడి చెత్త అంతా ఒకే సరుకు కాదు. అల్యూమినియానికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. ఖనిజం నుంచి తీయడంతో పోలిస్తే కరిగించి వాడుకోవడానికి సుమారు 95 శాతం తక్కువ శక్తి చాలు. ఇనుము, అట్ట, నీళ్ల సీసాల పెట్ ప్లాస్టిక్, పాల క్యాన్లు, షాంపూ సీసాల గట్టి ప్లాస్టిక్ కూడా సులువుగా అమ్ముడవుతాయి. కాగితం తిరిగి గుజ్జయ్యేకొద్దీ పోగులు పొట్టివవుతాయి. కొన్ని విడతల తర్వాత పనికిరాదు. గాజు ఎన్నిసార్లయినా కరుగుతుంది, కానీ బరువెక్కువ, ధర తక్కువ. కార్ఖానా దూరంగా ఉంటే రవాణా ఖర్చుకే సరిపోతుంది.

అసలు చిక్కు చిప్స్ ప్యాకెట్లు, మసాలా పొట్లాలు, బిస్కట్ రేపర్లతో వస్తుంది. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలను అతికించి చేసిన ఈ సరుకును విడదీయడం లాభసాటి కాదు. స్క్రాప్ వ్యాపారి దాన్ని ముట్టడు. చెత్త ఏరేవారూ వదిలేస్తారు. ఇలాంటివాటి కోసం 2016 నియమాలు ఒక దారి చూపాయి. కిలోకు 1,500 కిలో కేలరీలకు మించి ఉష్ణశక్తి ఉన్న, రీసైకిల్ కాని వ్యర్థాలను డంపింగ్ యార్డులో పారేయకూడదన్నాయి. వాటిని సిమెంటు కర్మాగారాల బట్టీల వంటి చోట్ల ఇంధనంగా వాడాలన్నాయి. తెలుగు రాష్ట్రాల్లో సున్నపురాయి ప్రాంతాల్లో సిమెంటు పరిశ్రమ విస్తరించి ఉండడం ఇక్కడి పట్టణాలకు అనుకూలమే. అయినా ఇది ఆఖరి మార్గం. రేపర్ రూపకల్పన మార్చే శక్తి మున్సిపాలిటీకి లేదు. అది తయారీదారు బాధ్యత. 2022లో ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌కు వచ్చిన ఉత్పత్తిదారు బాధ్యత మార్గదర్శకాల ఉద్దేశం అదే.

ఇంటి దగ్గర వేరుచేయడం

మొత్తం కార్యక్రమంలో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న దశ ఇది. అన్నం, పప్పు, కూర తగిలిన కాగితం గుజ్జుకు పనికిరాదు. నూనె అంటిన ప్లాస్టిక్ ధర పడిపోతుంది. గాజుపెంకులు కలిసిన తడి చెత్త ఎరువుగా మారినా రైతు పొలంలో చల్లడానికి ఒప్పుకోడు. ఒకసారి కలిసిన చెత్తను యంత్రం విడదీయగలదు గాని పాత శుభ్రతను తిరిగి తేలేదు. వంటింట్లో క్షణంలో జరిగే పని షెడ్డుకు చేరాక మనిషి చేతుల మీద, దుర్గంధంలో, గంటల తరబడి చేయాల్సి వస్తుంది. ఆ చేతులు ఎవరివో పౌరులు గుర్తుంచుకోవాలి.

బుట్టలు పంచితే అలవాటు రాదు. 2015లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం బుట్టల చొప్పున ఇంటింటికీ పంపిణీ చేసింది. మొత్తం 44 లక్షల బుట్టలన్నది అప్పటి లెక్క. వాటిలో చాలా నీళ్లకు, బియ్యానికి, సామాన్లకు వాడుకలోకి వెళ్లాయి. అలవాటును నిలిపేది రోజూ గుమ్మం దగ్గర జరిగే చిన్న సంభాషణ. "అమ్మా, తడి, పొడి కలిపేశారు, వేరు చేసి ఇవ్వండి" అని చెత్త బండి మనిషి అడగాలి. అలా అడిగే అధికారం తనకు ఉందని, పైఅధికారి తన వెంట నిలుస్తాడని ఆ మనిషికి నమ్మకం ఉండాలి. ఇండోర్‌లో చెత్త వేరుచేయడం మొదలైన తొలి నెలల్లో స్వచ్ఛంద సంస్థల బృందాలు బండ్ల వెంట నడిచి ప్రతి ఇంటికీ చెప్పాయి. వేరుచేయని ఇళ్లకు ముందు హెచ్చరిక, తర్వాత జరిమానా వచ్చాయి. బెంగళూరులో 2015 నాటి హైకోర్టు ఆదేశం రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతిని తెచ్చింది. సూచన ఎంత సూటిగా ఉంటే అమలు అంత సులువని ఆ నగరం అనుభవం చెబుతోంది.

వీధి చెత్త కుండీల తొలగింపు కూడా ఇందులో భాగమే. వీధి చివర కుండీ ఉన్నంతకాలం వేరుచేయని సంచి రాత్రిపూట అందులో పడుతుంది. అయితే ఇంటింటి సేకరణ రోజూ, ఒకే వేళకు జరిగే నమ్మకం కుదరకముందే కుండీ తీసేస్తే ఖాళీ జాగాలు, కాలువలు కుండీలవుతాయి. ముందు బండి, తర్వాత తొలగింపు. ఈ వరుస తప్పరాదు.

సేకరణ, పొడి చెత్త కేంద్రాలు

ఇంట్లో వేరుచేసిన రెండు బుట్టలను ఒకే బండిలో కుమ్మరించడం ఏ కార్యక్రమానికైనా ప్రాణాంతకం. ఆ దృశ్యం ఒక్కసారి చూసిన ఇల్లాలు మర్నాటి నుంచి వేరుచేయడం మానేస్తుంది. ఆమెను తప్పుపట్టలేం. అందుకే బండిలో అరలు, లేదా తడి చెత్తకు రోజూ, పొడి చెత్తకు వారంలో నిర్ణీత రోజుల్లో విడి సేకరణ తప్పనిసరి.

తర్వాతి మజిలీ పొడి చెత్త సేకరణ కేంద్రం. బెంగళూరు వార్డుకొకటి చొప్పున వీటిని ఏర్పాటు చేసింది. తెలంగాణ పట్టణాల్లో డీఆర్‌సీసీలని పిలుస్తారు. ఇక్కడ సరుకును పది పదిహేను రకాలుగా విడదీసి, నొక్కి బేళ్లుగా కట్టి అమ్ముతారు. కేంద్రం చిన్నదైనా వార్డుకు దగ్గరగా ఉండడం ముఖ్యం. ఊరవతల ఒకే పెద్ద యంత్రశాల కట్టిన నగరాల్లో రవాణా ఖర్చు పెరగడమే కాక, దారిపొడవునా లారీలో చెత్త నలిగి, కలిసి, తడిసి విలువ కోల్పోతుంది.

తడి చెత్త

తడి చెత్తను వేరుగా తీసేస్తే పొడి చెత్త శుభ్రంగా మిగులుతుంది. అందుకే పొడి చెత్త రీసైక్లింగ్ గెలుపు సగం తడి చెత్త చేతుల్లో ఉంది. ఆకులు, రంపపు పొట్టు వంటి ఎండు పదార్థం కలిపి కర్బన-నత్రజని నిష్పత్తిని 30కి 1 దగ్గర ఉంచి, గాలి ఆడేలా తిరగేస్తే కుప్ప వేడెక్కి కొన్ని వారాల్లో ఎరువవుతుంది. కేరళలోని అలప్పుళ పట్టణం, సర్వోదయపురం డంపింగ్ యార్డు దగ్గరి ప్రజలు 2012లో ఎదురుతిరిగాక, తడి చెత్తను ఊరు దాటించకుండా ఇళ్లలో, వీధుల్లో ఉన్న తొట్లలోనే ఎరువు చేసే దారి పట్టింది.

పెద్ద ఎత్తున పుట్టే శుభ్రమైన తడి చెత్తకు బయోగ్యాస్ నప్పుతుంది. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో మిగిలిపోయిన కూరగాయలతో నడిచే ప్లాంటు రోజుకు పది టన్నుల వ్యర్థాలతో సుమారు 500 యూనిట్ల విద్యుత్తు తీస్తుంది. దాని సాంకేతికత నగరంలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థది. 2022 ఫిబ్రవరిలో మొదలైన ఇండోర్ బయో సీఎన్‌జీ ప్లాంటు సామర్థ్యం రోజుకు 550 టన్నులు. అంత పెద్ద ప్లాంటు అక్కడ నిలవడానికి కారణం అప్పటికే నగరం ఐదారేళ్లుగా చెత్తను వేరుచేస్తుండడం. ముందు ప్లాంటు కట్టి, చెత్త వేరవుతుందని ఎదురుచూసిన చోట్ల యంత్రాలు తుప్పుపట్టాయి.

కార్మికులు

చెత్త ఏరేవారు జీతం లేని పురపాలక సిబ్బంది వంటివారు. వారు రోజూ తీసే సరుకు డంపింగ్ యార్డుకు పోయే భారాన్ని తగ్గిస్తుంది. ప్రైవేటు కంపెనీకి టన్ను లెక్కన డబ్బు చెల్లించే కాంట్రాక్టు వస్తే వారు రోడ్డున పడతారు. పైగా టన్నులు పెరిగితేనే కంపెనీకి ఆదాయం కాబట్టి రీసైక్లింగ్ తగ్గడమే దానికి లాభం. కాంట్రాక్టు రాసేటప్పుడే సరిదిద్దవలసిన లోపమిది.

పుణెలో దీనికి భిన్నమైన ఏర్పాటు ఉంది. 1993లో ఏర్పడిన చెత్త ఏరేవారి సంఘం నుంచి స్వచ్ఛ్ అనే సహకార సంస్థ పుట్టింది. 2008లో అది నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుంది. సభ్యుల్లో ఎక్కువమంది మహిళలు. ఇంటింటి సేకరణకు వారికి ఇళ్ల నుంచి నేరుగా రుసుము అందుతుంది. పొడి సరుకు అమ్మగా వచ్చిన డబ్బూ వారిదే. గుర్తింపు కార్డు, వీధి హక్కు, ఆదాయం మూడూ కలవడంతో సరుకు శుభ్రంగా ఉండాలన్న పట్టుదల వారిలోనే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్‌లో స్వయం సహాయక సంఘాల మహిళలు సేకరణతోపాటు వేరుచేసే కేంద్రాలనూ నడుపుతున్నారు. చేతి తొడుగులు, బూట్లు, టీకాలు, కడుక్కునే నీళ్లు ఇవ్వకుండా పర్యావరణ విజయం గురించి మాట్లాడే హక్కు ఏ మున్సిపాలిటీకీ లేదు.

ఆర్థిక నిర్వహణ

పొడి చెత్త అమ్మకంతో మొత్తం కార్యక్రమం ఖర్చు రాదు. దాదాపు ఎక్కడా రాలేదు. అది ఖర్చులో కొంత తిరిగిస్తుంది, యార్డు భారాన్ని తగ్గిస్తుంది. మిగతాది పన్నులు, వినియోగ రుసుము, ప్రభుత్వ గ్రాంట్ల నుంచి రావాలి.

రుసుము రాజకీయంగా సున్నితమైన విషయం. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న ప్రారంభమైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) కార్యక్రమం కింద ఇళ్లకు మూడు బుట్టలు, కొత్త వాహనాలు వచ్చాయి. దానితోపాటు వసూలు చేసిన రుసుము చెత్త పన్నుగా పేరుపడి తీవ్ర వ్యతిరేకత ఎదుర్కొంది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి దాన్ని రద్దుచేస్తున్నట్టు ప్రకటించారు. ఇంటికింత అని సమానంగా వేసే రుసుములో చెత్త తగ్గించిన ఇంటికి లాభమేమీ ఉండదు. కొరియా పద్ధతి వేరు. అక్కడ మామూలు చెత్తకు అధికారిక సంచి కొనాలి. రీసైకిల్ అయ్యే సరుకును ఉచితంగా ఇవ్వవచ్చు. వేరుచేసినవారికి ఖర్చు తగ్గుతుంది. ఆహార వ్యర్థాలకు తర్వాత తూకం లెక్క వచ్చింది.

డిపాజిట్ పద్ధతి ఇంకో సాధనం. మద్రాసు హైకోర్టు ఆదేశాలతో తమిళనాడు ప్రభుత్వ మద్యం దుకాణాలు 2022లో నీలగిరుల్లో సీసాకు అదనంగా పది రూపాయలు తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగివ్వడం మొదలుపెట్టాయి. అడవి దారుల్లో పగిలిన గాజు ఏనుగుల కాళ్లకు గుచ్చుకోవడం ఆ వ్యాజ్యానికి ఒక కారణం.

మార్కెట్

కొనేవారు లేకపోతే వేరుచేసిన సరుకు మళ్లీ చెత్తే. 2018లో చైనా 24 రకాల వ్యర్థాల దిగుమతిని నిషేధించి, మిగతావాటిలో మలినం 0.5 శాతం మించరాదని నిబంధన పెట్టింది. అన్నింటినీ ఒకే బుట్టలో సేకరిస్తూ వచ్చిన అమెరికా పట్టణాలు ఒక్కసారిగా ఇరుకున పడ్డాయి. కొన్ని కార్యక్రమాలను ఆపేశాయి, కొన్ని సరుకును కాల్చేశాయి. శుభ్రత ఎంత ముఖ్యమో, దూరపు మార్కెట్ మీద ఆధారపడడం ఎంత ప్రమాదమో ఆ ఏడాది తేలింది. ఎరువు విషయంలోనూ అంతే. కేంద్రం 2016లో నగర కంపోస్టుకు టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించింది, కానీ రైతును ఒప్పించేది సాయం కంటే నాణ్యతే.

కొలమానాలు

స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులు 2016 నుంచి పట్టణాల మధ్య పోటీ తెచ్చాయి. విశాఖపట్నం 2017లో మూడో స్థానం పొందింది. ర్యాంకు ఉత్సాహాన్నిస్తుంది గాని సర్వే నెలల్లో కనిపించే శ్రద్ధ ఏడాదంతా ఉందో లేదో చెప్పదు. అంతకంటే నమ్మదగినవి తూకపు లెక్కలు: వార్డులో వేరుచేసి ఇచ్చిన ఇళ్ల శాతం, కేంద్రానికి వచ్చిన పొడి సరుకు బరువు, అందులో అమ్ముడైనది ఎంత, తిరస్కరించి యార్డుకు పంపింది ఎంత. చివరి అంకె దాచిపెట్టే పట్టణం తన లోపాన్ని సరిదిద్దుకోలేదు. చెత్తను కాల్చే విద్యుత్ ప్లాంట్లకు రోజుకింత చెత్త ఇస్తామన్న ఒప్పందాలు ఉన్న నగరాల్లో ఈ లెక్కలు మరీ అవసరం. విశాఖ, గుంటూరు, హైదరాబాద్‌లలో అలాంటి ప్లాంట్లు ఉన్నాయి. బట్టీకి వెళ్లే టన్నుల్లో కాగితం, ప్లాస్టిక్ ఎంత ఉన్నాయో తెలియకుండా రీసైక్లింగ్ ఎంత జరిగిందో చెప్పలేం.

గ్రామ పంచాయతీలు

గ్రామాల్లో సమస్య స్వరూపం వేరు. కూరగాయల తొక్కలు, కుడితి పశువులకు పోతాయి. పేడ, చెత్త పెంటకుప్పకు, అక్కడి నుంచి పొలానికి చేరతాయి. తడి చెత్త వ్యవస్థ ఏనాటి నుంచో ఉంది. కొత్తగా వచ్చింది ప్లాస్టిక్. తెలంగాణ 2019 నాటి పల్లె ప్రగతి కింద పంచాయతీలకు ట్రాక్టర్లు, చెత్త వేరుచేసే షెడ్లు సమకూర్చింది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రీన్ అంబాసిడర్లు ఇంటింటి చెత్త తెచ్చి సంపద తయారీ కేంద్రాల్లో వేరుచేస్తారు. ఒక ఊళ్లో నెలకు పోగయ్యే పొడి సరుకు లారీకి సరిపోదు కాబట్టి కొనేవారు రారు. షెడ్లు కట్టీ వాడకపోవడానికి ముఖ్య కారణం అదే. స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశ దీనికి బ్లాకు స్థాయిలో ప్లాస్టిక్ వ్యర్థాల కేంద్రాలను ప్రతిపాదించి, ఒక్కొక్కదానికి 16 లక్షల రూపాయల దాకా నిధులిచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల సరుకు అక్కడ చేరి, నొక్కే యంత్రంలో బేళ్లయ్యాకే వ్యాపారికి గిట్టుబాటవుతుంది. ఆ కేంద్రానికి వారానికొకసారి తిరిగే బండి, దాని డీజిలు ఖర్చుకు పంచాయతీల వాటా ముందే తేల్చుకోవాలి.